డెస్క్‌టాప్ మిషన్‌ను బట్టి, సాఫ్ట్‌వేర్ పనిని బట్టి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. నెల్లూరు లాంటి ఊళ్లలోని డీటీపీ షాపుల్లో, రొయ్యల చెరువుల లెక్కలు చూసే గదుల్లో ఒకసారి కొన్న కంప్యూటర్‌ను చెడిపోయేదాకా వాడతారు. బాగా నడుస్తున్న మిషన్‌ను పక్కన పడేయనక్కర్లేదు, లినక్స్ వేసుకోవచ్చు. అయితే ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది: ఏ డెస్క్‌టాప్?

లినక్స్‌లో తెర మీద కనిపించే మెనూ, ప్యానెల్, ఫైళ్ల కిటికీ, సెట్టింగులు అన్నీ కలిపి ఒక విడి భాగం, అదే డెస్క్‌టాప్. దాన్ని మార్చుకోవచ్చు. జర్మన్ విద్యార్థి మథియాస్ ఎట్రిచ్ 1996లో కేడీఈ అనే డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టాడు. అప్పట్లో అది ఆధారపడ్డ క్యూటీ అనే టూల్‌కిట్ లైసెన్సు పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదు. అందుకే 1997లో మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్‌కు పునాది వేశారు. ఒలివియె ఫూర్దాన్ 1996లో ప్రారంభించిన ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలికదనానికి పేరు తెచ్చుకుంది.

ఎంపికకు ర్యామే మొదటి కొలత. 8 జీబీ ఉంటే గ్నోమ్, కేడీఈ హాయిగా నడుస్తాయి. లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్‌కు కనీసం 2 జీబీ చాలు, 4 జీబీ ఉంటే మంచిది. అందులోనూ సిన్నమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు డెస్క్‌టాప్ రూపాలున్నాయి. పాత మిషన్‌కు ఎక్స్‌ఎఫ్‌సీఈ నప్పుతుంది. విండోస్ అలవాటున్నవాళ్లకు సిన్నమన్ మెనూ పరాయిగా అనిపించదు.

మరి తెలుగు? దీనికి డెస్క్‌టాప్‌తో పెద్దగా సంబంధం లేదు. ‘నెల్లూరు’ అని టైపు చేస్తే ఫైలులో చేరేవి ఎనిమిది యూనికోడ్ గుర్తులు: న, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. వీటిలో రెండో ‘ల’ను వత్తుగా కిందికి దించి, కొమ్ముదీర్ఘాన్ని పై ‘ల’కు తగిలించి, మూడక్షరాలుగా కూర్చి చూపించేది హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్. గ్నోమ్, కేడీఈ, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నీ దాన్నే వాడుకుంటాయి. చెన్నై సీడాక్ సంస్థ 2007లో తెచ్చిన బాస్ లినక్స్, హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో పంచిన లినక్స్ ఈ భాషా పనిని మామూలు వాడుకరి దాకా తెచ్చాయి.

అసలు చిక్కు డీటీపీ షాపులో వస్తుంది. అక్కడ వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు. అక్షరాల ముక్కల్ని ఇంగ్లిష్ గుర్తుల స్థానాల్లో ఉంచుతాయి కాబట్టి, ఫాంట్ లేని కంప్యూటర్‌లో పెళ్లి కార్డు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ కనిపిస్తుంది. ఎక్కువమంది వాడే పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో! పాత ఫైళ్ల కోసం ఒక విండోస్ మిషన్‌ను ఇంటర్‌నెట్‌కు తగిలించకుండా అట్టేపెట్టుకోవడం మేలు. కొత్త పనికి స్క్రైబస్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఉంది. 2024లో వచ్చిన 1.6 వెర్షన్ తెలుగు వత్తులను సరిగ్గా కూరుస్తుంది. రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. తెలుగు టైపింగుకు వాడే ఐబస్‌కు ఎం17ఎన్ అనే కీబోర్డుల ప్యాకేజీ తోడైతే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తోపాటు డీటీపీ వాళ్ల చేతికి అలవాటైన యాపిల్ కీబోర్డూ ఉంటుంది.

చెరువు లెక్కలకు, కాలేజీ ప్రాజెక్టులకు 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి వేరుపడిన లిబ్రేఆఫీస్ సరిపోతుంది. ఎక్సెల్ ఫైళ్లనూ తెరుస్తుంది, మాక్రోలు ఉన్నవాటిని మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి. ఫొటోలకు గింప్, వీడియోలకు వీఎల్‌సీ చాలామందికి ఇప్పటికే పరిచయం.

ఏదీ ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూడవచ్చు. హార్డ్‌డిస్కులో ఏదీ మారదు. ఆ కాసేపట్లో వైఫై తగిలిందా, ప్రింటర్ కాగితం తీసిందా, షాపులో రోజూ వాడే తెలుగు ఫైలు ఒకటి వత్తులతో సహా సరిగా తెరుచుకుందా అన్నవి చూసుకుంటే ఏ డెస్క్‌టాప్ ఉంచాలో తేలుతుంది.