సేవకు పిలిచి, పెత్తనమునకు మరచి

2022 వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండిన చోడవరము చుట్టుపట్ల పల్లెలలో గర్భిణి మంచిచెడ్డలు ఇంటికి వచ్చి కనుగొనునది ఆశా కార్యకర్త. 2005లో వెలసిన ఆ పథకము ఆ పనిని స్త్రీకే అప్పగించినది. కాని ఆసుపత్రికి ఏమి కావలెనో తేల్చు చోట ఆమె మాట చెల్లుచున్నదా? లోకమంతట ఇదే తీరు. ఆరోగ్యరంగమున పనిచేయువారిలో నూటికి 70 మంది స్త్రీలు. పెద్ద పదవులలో మాత్రము 25 మందే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపినది.

సామర్థ్యము లేకనా? బెజవాడలో పురుళ్లు పోసిన డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారు 1957లో ఆ నగరమునుండియే లోక్‌సభకు ఎన్నికైరి. పురిటి మంచము వద్ద తెలిసిన కష్టము చట్టసభ దాక నడచిన దారి అది.

అర్ధరాత్రి నొప్పులు వచ్చి బండి దొరకకున్న ఏమగునో ఎరిగినది ఈ స్త్రీలే. ఆ యెరుక నిర్ణయము చేయు చోట లేకున్న తల్లుల ప్రాణముల మీదికి వచ్చును. సేవకు పిలిచిన ఆదరముతోనే స్త్రీని పెత్తనమునకును పిలువవలెను.