టీడీఎస్ మీటరుకు అందని ఆర్సెనిక్

ఎండలు ముదిరితే సికింద్రాబాద్‌లోని మారేడ్‌పల్లి అపార్ట్‌మెంట్లలోనూ బోరు, ట్యాంకర్ల మీద ఆధారపడక తప్పదు. గ్లాసు నీళ్లలో టీడీఎస్ మీటరు ముంచి, అంకె తక్కువ వస్తే ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ మీటరు చూపేది కరిగిన లవణాల మొత్తాన్నే. తాగునీటిలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదు. అంత సూక్ష్మమైన మోతాదు ఆ మీటరుకు దొరకదు.

ఈ విషం మనకు దూరపు సంగతేమీ కాదు. పటాన్‌చెరు ప్రాంతంలో పరిశ్రమల వ్యర్థాలతో చేరిన ఆర్సెనిక్ మనుషుల దాకా ఎలా వస్తోందో వివరిస్తూ, తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు 2003లోనే అధ్యయనం ప్రచురించారు.

ఆర్సెనిక్‌ను ఊబకాయంతోనూ ముడిపెడుతుంటారు. మరి దానితో దీనికేం పని? ఆర్సెనిక్ వల్లే లావెక్కుతారని చెప్పడానికి ఆధారాలు చాలవు. అసలు దెబ్బ కొవ్వు కణం పనితీరు మీద. మిగులు కొవ్వును భద్రంగా దాచుకోవలసిన ఆ కణం ఎదుగుదలను ఆర్సెనిక్ అడ్డుకుంటుందనీ, ఇన్సులిన్ మాట విననివ్వదనీ ప్రయోగశాలల్లో తేలింది. దాచుకునే చోటు చెడితే కొవ్వు కాలేయానికీ కండరాలకూ చేరుతుంది. అంటే, సన్నగా ఉన్నవాళ్లకూ భరోసా లేదు. తైవాన్ నైరుతి తీర గ్రామాల్లో ఆర్సెనిక్ బావుల నీళ్లు తాగినవారిలో మధుమేహం ఎక్కువని 1994లోనే బయటపడింది.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. కాలేయం ఆర్సెనిక్‌కు మిథైల్ సమూహాలు తగిలించి మూత్రంలో పంపేస్తుంది. లావుగా ఉన్నవారిలో ఈ పని మరింత పూర్తిగా జరుగుతున్నట్టు మెక్సికో మహిళల్లో కనిపించింది. అలాగని ఊబకాయం రక్ష అనుకోకూడదు. అమెరికా ఆదివాసుల మీద జరిగిన స్ట్రాంగ్ హార్ట్ స్టడీలో సరిగ్గా ఈ మిథైల్ తగిలించే పని మరింత పూర్తిగా జరిగేవారికే మధుమేహం ఎక్కువగా వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో దాదాపు 30 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అలాంటి చోట ఈ ముడిని పట్టించుకోకపోవడం తగదు.

వంటింట్లో చేయగలిగినవీ ఉన్నాయి. వరి ఆర్సెనిక్‌ను బాగా పీల్చుకునే పంట. శుభ్రమైన నీళ్లు ఎక్కువ పోసి వండి, గంజి వార్చేస్తే చాలావరకు తగ్గుతుంది, కొన్ని బి విటమిన్లూ పోతాయనుకోండి. ఫోలేట్ కూడా సాయపడుతుంది. బంగ్లాదేశ్‌లో ఫోలేట్ తక్కువగా ఉన్నవారికి 12 వారాలు ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తంలో ఆర్సెనిక్ తగ్గింది. తోటకూర పప్పులో ఫోలేట్‌కు కొదవ లేదు.

నీళ్లు కాచితే మాత్రం ఆర్సెనిక్ పోదు, ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్లు ల్యాబుకు ఇచ్చేటప్పుడు ఆర్సెనిక్ పరీక్ష కూడా చేయమని విడిగా అడగాలి.