నిమ్మకాయ, గ్లాసు, మూడు ఫోటోలు: ఫ్రెంచ్‌లో భూతకాలం ఇలా పట్టుకోండి

ఈ ఎపిసోడ్‌లో రెండు పనులు కలిపి చేద్దాం. ఒకటి ఫ్రెంచ్ క్రియల కాలాలు. రెండోది స్టిల్ లైఫ్ ఫోటోగ్రఫీ, అంటే కదలని వస్తువుల్ని అమర్చి ఫోటో తీయడం. ఈ రెండిటికీ ఏంటి సంబంధం అంటారా? చెప్తాను.

ఫ్రెంచ్ నేర్చుకునే మనవాళ్ళు చాలామంది ఆగిపోయేది ఒక్కచోటే. క్రియల పట్టికలన్నీ కంఠతా వచ్చేస్తాయి. కానీ డెల్ఫ్ ఏ2 పరీక్షలో మీకు జరిగిన సంగతి ఒకటి రాయమనగానే పెన్ను కదలదు. ఎందుకంటే ఫ్రెంచ్‌లో రోజూ వాడే భూతకాలాలు రెండు: పాసే కొంపోజే, అంపర్ఫే. ఏది ఎక్కడ వాడాలో తేల్చుకునేలోపు టైమ్ అయిపోతుంది. కెనడా వెళ్దామని టెఫ్ పరీక్షకి కూర్చునేవాళ్ళకైతే ఆ మార్కులు ఇంకా ముఖ్యం.

సరే, ఫోన్ తీయండి. కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద ఒక నిమ్మకాయ, ఒక గ్లాసు నీళ్ళు, ఒక కత్తి. గదిలో లైట్లు ఆపేయండి. ట్యూబ్‌లైట్ వెలుతురు, ఎండ వెలుతురు కలిస్తే రంగులు పాడవుతాయి. వెలుతురు పక్క నుంచి పడాలి. రెండోపక్క నీడ మరీ నల్లగా ఉంటే అటువైపు ఒక తెల్ల కాగితం నిలబెట్టండి, చాలు. ఫోన్‌ని పుస్తకాల దొంతరకి ఆనించి, నిమ్మకాయ మీద వేలు నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు అక్కడే లాక్ అవుతాయి. టైమర్ 3 సెకన్లు పెట్టండి. ఇక ఫోన్ కదపొద్దు. ఈ పాఠానికి అదే ప్రాణం.

మొదటి ఫోటో: నిమ్మకాయ కోయకముందు. ఫ్రెంచ్‌లో "జ వే కూపే ల సిత్రోఁ", నిమ్మకాయ కోయబోతున్నాను.

రెండో ఫోటో: నిమ్మకాయ రెండు చెక్కలైంది. "జే కూపే ల సిత్రోఁ", నిమ్మకాయ కోశాను.

మూడో ఫోటో: ఒక ముక్క గ్లాసులో ఉంది. "అఁ మొర్సో ఎ తోంబే దాఁ ల వేర్", ఒక ముక్క గ్లాసులో పడింది.

ఇప్పుడు మూడు ఫోటోల్నీ గ్యాలరీలో ఒకదాని తర్వాత ఒకటి జరిపి చూడండి. బల్ల మారలేదు. కిటికీ వెలుతురు మారలేదు. ఈ కథ తర్వాత ఎవరికైనా చెప్పేటప్పుడు ఆ మారనివన్నీ అంపర్ఫేలోకి వెళ్తాయి: "లా ల్యుమియేర్ ఆఁత్రే పార్ లా ఫెనేత్ర్", కిటికీలోంచి వెలుతురు వస్తూ ఉంది. ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మధ్య జరిగింది మాత్రం పాసే కొంపోజే: కోశాను, పడింది. ఫోటోల మధ్య తేడా ఎక్కడుందో అక్కడే సంఘటన ఉంది. మిగతాదంతా బ్యాక్‌గ్రౌండ్.

ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక సుఖం ఉంది. "నిన్న టీ తాగాను", "చిన్నప్పుడు టీ తాగేవాణ్ణి". ఈ రెండూ వేరని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంగ్లీష్‌లో ఈ రెండిటికీ ఒకే మాట సరిపోతుంది, ఫ్రెంచ్‌లో సరిపోదు. "తాగాను" పాసే కొంపోజే, "తాగేవాణ్ణి, తాగేదాన్ని" అంపర్ఫే. "నేను కోస్తుంటే ఫోన్ మోగింది" అన్నప్పుడు కూడా అంతే: కోస్తుంటే అంపర్ఫే, మోగింది పాసే కొంపోజే. అందుకే ఫ్రెంచ్ వాక్యాన్ని ఇంగ్లీష్ మీదుగా తిప్పకండి, నేరుగా తెలుగులోంచి వెళ్ళండి.

అయితే తెలుగు ఒకచోట దెబ్బ తీస్తుంది. "ఇప్పుడు గ్లాసు బల్ల మీద ఉంది", "నిన్న గ్లాసు బల్ల మీద ఉంది". చూశారా, రెండు చోట్లా "ఉంది"యే. ఫ్రెంచ్‌లో మారాలి. ఇప్పుడైతే "ల వేర్ ఎ స్యుర్ లా తాబ్ల్", నిన్నైతే "ల వేర్ ఎతే స్యుర్ లా తాబ్ల్". "ఉంది" అని నోటికొచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, ఇప్పుడా అప్పుడా అని చూసుకోండి.

ఇంకో సంగతి గమనించారా? "జ వే కూపే", "జే కూపే". చివరి మాట చెవికి ఒకటే. రాసేటప్పుడే స్పెల్లింగ్ వేరు. కాలాన్ని చెప్పేది ముందున్న చిన్న మాట, అంటే సహాయక క్రియ. వినేటప్పుడు చెవి అక్కడ పెట్టండి. పాసే కొంపోజేలో ఎక్కువ క్రియలకి అవ్వార్ సాయం వస్తుంది: జే కూపే. పడటం, వెళ్ళడం, రావడం, పుట్టడం, చనిపోవడం లాంటి కొన్నిటికి ఎత్ర్ వస్తుంది: ఎ తోంబే. అంపర్ఫేకి ఈ సాయమే అక్కర్లేదు.

ఒక అపోహ కూడా తీసేద్దాం. చాలాసేపు జరిగితే అంపర్ఫే, చిటికెలో అయిపోతే పాసే కొంపోజే అనుకుంటారు. కాదు. "పదేళ్ళు పారిస్‌లో ఉన్నాను" అంటే పాసే కొంపోజేనే, ఎందుకంటే ఆ పదేళ్ళకి మొదలూ చివరా గీసేశాం. ఎంతసేపు అన్నది కాదు లెక్క, మూసేసిన పెట్టెలా చెప్తున్నామా, నడుస్తున్నదాన్ని లోపలి నుంచి చూస్తున్నామా అన్నదే.

అన్నట్టు, స్టిల్ లైఫ్‌ని ఫ్రెంచ్‌లో నాత్యుర్ మోర్త్ అంటారు, మాటకి మాట చనిపోయిన ప్రకృతి అని. ఫోటోగ్రఫీ తొలిరోజుల్లోనే, 1837లో, ఫ్రాన్స్‌కి చెందిన లూయీ దగేర్ ప్లాస్టర్ బొమ్మలు అమర్చి అలాంటి ఫోటో తీశాడు. అప్పటి ప్లేటు మీద బొమ్మ పడాలంటే వెలుతురు చాలాసేపు పడాలి, కదిలేది నిలవదు. కదలని వస్తువులే నమ్మకం.

ఈ వారం రోజుకి ఒక బల్ల, మూడు ఫోటోలు. ఒక్కో సెట్ కింద ఫోన్‌లోనే మూడు వాక్యాలు రాయండి: మారనివాటి మీద రెండు, మారినదాని మీద ఒకటి. రాశాక పైకి చదివి రికార్డ్ చేసుకోండి. వారం అయ్యేసరికి ఇరవై ఒక్క వాక్యాలు మీవే, ఏ పుస్తకంలోంచీ తెచ్చినవి కావు. పరీక్షలో "నిన్న ఏం జరిగింది?" అంటే మొదట ఆ బల్లని గుర్తుచేసుకోండి, తర్వాత ఏం కదిలిందో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.