మసక తెరలోనా, కంటిలోనా?

కంప్యూటర్ ముందు కూర్చుంటే అక్షరాలు మసకగా, అలికినట్టుగా కనిపిస్తున్నాయని చెప్పేవారు నేడు చాలామంది ఉన్నారు. కొందరు వెంటనే మెకానిక్‌ను పిలుస్తారు. కొందరు కళ్లజోడు మారుస్తారు. అనవసరపు ఖర్చు సంగతి అలా ఉంచితే, కంట్లో ఉన్న జబ్బును తెర మీదికి నెట్టి నెలలు గడపడం ప్రమాదకరం. అందుకే లోపం ఎక్కడుందో ముందుగా తెలుసుకోవాలి. దీనికి ఐదు నిమిషాలు చాలు.

ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష

మొదట మీ కళ్లజోడు తుడవండి. (నవ్వకండి, మసక అక్కడితోనే పోయినవారు లేకపోలేదు.) తరువాత తెర పక్కనే, తెర ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో, ఒక క్యాలెండరునో వార్తాపత్రికనో నిలబెట్టండి. తెర మీది అక్షరాలంత పరిమాణమే ఉన్న అక్షరాలను చూడండి. మన లిపిలో ప, ష, ఫ అక్షరాలకు గాని, ద, ధ అక్షరాలకు గాని తేడా చిన్న గీతలోనే ఉంటుంది కనుక పరీక్షకు అవి బాగా పనికివస్తాయి. కాగితం స్పష్టంగా ఉండి తెర మాత్రమే మసకగా ఉంటే లోపం తెరది. రెండూ మసకగా ఉంటే లోపం కంటిది.

ఇప్పుడు ఒక కన్నును అరచేతితో, నొక్కకుండా మూసి, రెండో కంటితో చూడండి. తరువాత కన్ను మార్చండి. ఈ మెట్టును వదిలేయవద్దు. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు మంచి కన్ను రెండో కంటి లోపాన్ని కప్పేస్తుంది. ఒక కంటి చూపు తగ్గిన సంగతి ఏళ్ల తరబడి తెలియనివారు కూడా ఉంటారు.

లోపం తెరదైతే

నేటి పల్చని తెరలలో చుక్కల సంఖ్య తయారీలోనే నిర్ణయమై ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ తెర అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. కంప్యూటర్ అదే సంఖ్యలో బొమ్మ పంపితే ప్రతి చుక్కా తన గడిలో సరిగ్గా కూర్చుంటుంది. 1366 చుక్కల బొమ్మను 1920 గడులకు సాగదీస్తే ఒక్కో చుక్క పక్క గడిలోకి పాకి, అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. విండోస్‌లో డెస్క్‌టాప్ ఖాళీ జాగాలో మౌస్ కుడి బటన్ నొక్కి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ వద్ద 'రికమెండెడ్' అని ఉన్నదాన్ని ఎంచుకోండి.

నలభై దాటిన వారు ఇక్కడ తరచూ పొరపడుతుంటారు. అక్షరాలు చిన్నగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గిస్తారు. అక్షరం పెద్దదవుతుంది గాని మసకబారుతుంది. అక్షరం పెద్దది కావాలంటే రిజల్యూషన్‌ను కదపకుండా అక్కడే ఉండే 'స్కేల్'ను 125 లేదా 150 శాతానికి పెంచాలి. అయితే అసలు అక్షరం చిన్నగా ఎందుకు అనిపిస్తోందన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. దానికి జవాబు కిందనుంది.

రెండు మరలతో బిగించే పాత నీలి రంగు వీజీఏ కేబుల్ వదులైనా, నాసిరకమైనా అక్షరాల పక్కన నీడలు పడతాయి. కేబుల్ బిగించి, మానిటర్ మీది 'ఆటో' బటన్ నొక్కి చూడండి. వీలైతే హెచ్‌డీఎంఐ కేబుల్‌కు మారండి.

టీవీని మానిటర్‌గా వాడేవారికి ఒక మాట. మామూలు కన్ను మీటరు దూరం నుంచి సుమారు 0.3 మిల్లీమీటర్ల ఎడమున్న చుక్కలను వేరుగా గుర్తించగలదు. 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో ఒక్కో చుక్క దాదాపు 0.37 మిల్లీమీటర్లు. దాని ముందు రెండడుగుల దూరంలో కూర్చుంటే బొమ్మ రవ్వరవ్వగా కనిపించడం సహజం. అది కంటి జబ్బు కాదు, కన్ను బాగుందనడానికి గుర్తు. కొంచెం వెనక్కి జరగండి.

లోపం కంటిదైతే

నలభై దాటాక కంటిలోని లెన్సు బిరుసెక్కి, దగ్గరి వస్తువులు అస్పష్టమవుతాయి. ఇదే చత్వారం. చదువుకునే అద్దాలను సాధారణంగా పుస్తకం పట్టుకునే దూరానికి, అంటే 35 నుంచి 40 సెంటీమీటర్లకు ఇస్తారు. కంప్యూటర్ తెర 50 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అందుకే ఆ అద్దాలతో పుస్తకం బాగా కనిపించినా తెర మసకగా ఉంటుంది. బైఫోకల్ ఉన్నవారు కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తి, మెడనొప్పి తెచ్చుకుంటారు. మీ కంటికీ తెరకూ మధ్య దూరాన్ని టేపుతో కొలిచి డాక్టరుకు చెబితే తగిన అద్దాలు రాస్తారు.

మసక వచ్చి, రెప్పలార్పగానే పోతుంటే అది కంటి పొడితనం. మామూలుగా నిమిషానికి 15 సార్లు ఆర్పే రెప్పలు తెర ముందు సగానికి పైగా తగ్గుతాయి. ఫ్యాను, ఏసీ గాలి ముఖానికి తగలకుండా చూసుకోండి. ప్రతి 20 నిమిషాలకొకసారి, 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడండి.

మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. షుగర్ అదుపు తప్పినప్పుడు కంటి లెన్సు ఉబ్బి పవర్ మారిపోతుంది. అప్పుడు చేయించుకున్న అద్దాలు షుగర్ తగ్గాక పనికిరావు. కాబట్టి ముందు షుగర్, తరువాత అద్దాలు. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినడం మొదట్లో ఏ మసకా లేకుండానే జరుగుతుంది. తెర బాగా కనిపిస్తున్నా సరే, ఏడాదికొకసారి కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోవాలి.

ఒక కంటితో చూసినప్పుడు తెర మీది పట్టికలో గీతలు వంకరగా, అలలుగా కనిపిస్తే మెకానిక్ కోసం ఎదురుచూడవద్దు. అది రెటీనా మధ్యభాగంలో లోపం కావచ్చు. హఠాత్తుగా మెరుపులు, నల్లటి చుక్కల గుంపు, తెర దించినట్టు ఒక పక్క చీకటి కనిపిస్తే ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లండి. రెటీనా ఊడుతున్నప్పుడు ఒక్కరోజు ఆలస్యమైనా చూపు పోవచ్చు.

పరీక్షకు వచ్చేటప్పుడు పాత కళ్లజోడు, వాడుతున్న మందుల చీటీ, తెర దూరం కొలత వెంట తెచ్చుకోండి. చుక్కలు వేశాక కొన్ని గంటలపాటు చూపు మసకగా ఉంటుంది, బండి నడపరాదు. తోడుగా ఒకరిని తీసుకురండి.