గుట్ట మీద అగ్గువ ఇల్లు
ఊరందరికీ ఇండ్ల నక్షలు గీసేవాళ్లు తమకోసం ఎట్లాంటి ఇల్లు కట్టుకుంటారు? ఇంగ్లండులో పుట్టిన లారీ బేకర్ తిరువనంతపురంలో రాళ్లగుట్ట మీద కట్టుకున్నాడు. గుట్టను చదును చేయలేదు. పాత ఇండ్లు కూల్చిన కాడి కట్టె, పగిలిన పెంకులు, గాజు సీసాలు కూడా వాడాడు. 2007లో 90 ఏండ్ల వయసున ఆ ఇంట్లోనే పోయాడు.

మనకు పనికొచ్చేది ఆయన చెప్పిన గోడ. ఇటుకను పండబెట్టకుండా అంచు మీద నిలబెట్టాలి, నడుమ సందు విడవాలి. ఇటుకల్లో దగ్గరదగ్గర నాలుగో వంతు మిగులుతుంది. సందులోని గాలి వేడిని ఆపుతుంది. నాందేడు మే నెల ఎట్లుంటదో తెలుసు కదా! మిల్లు పైసలతో ఇల్లు మొదలుపెట్టేవాళ్లు మేస్త్రిని అడగండి. రాదంటాడు. ముందు ఒక్క గోడ కట్టించి చూడండి.