గ్లాసులు అడిగితే ఇవ్వవచ్చునా?



బాలాపూర్ మొదలుకొని ఇబ్రహీంపట్నం వరకు పొలాలుండిన చోట ఇళ్ల ప్లాట్లు వెలిశాయి. దారి వెంట టిఫిన్ సెంటర్లు, మెస్సులు, ధాబాలు వచ్చాయి. వాటిని నడుపుతున్నవారిలో విశ్వాసుల కుటుంబాలు కూడా ఉన్నాయి. వారి నుండి మేము తరచుగా వినే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, మేము మందు అమ్మడం లేదు. వచ్చినవాళ్లే సీసా తెచ్చుకుని గ్లాసులు, సోడా అడుగుతున్నారు. ఇవ్వకపోతే బేరం పోతుంది. ఇస్తే తప్పా?"

మొదట చట్టం సంగతి చూద్దాము. ఉమ్మడి రాష్ట్రంలో 1968లో చేసిన ఎక్సైజ్ చట్టమే నేడు తెలంగాణలోనూ అమలులో ఉన్నది. దాని ప్రకారం మద్యం అమ్మడానికి లైసెన్సు ఉండాలి. వైన్ షాపు లైసెన్సు వేరు, బారు లైసెన్సు వేరు. బారు లైసెన్సు ఉన్న రెస్టారెంటే గిరాకీని కూర్చోబెట్టి మద్యం పోయవచ్చు. ఆ సరుకు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుండే రావాలి. 21 సంవత్సరాలు నిండనివారికి అమ్మరాదు. అక్టోబరు 2న తలుపులు మూయాలి.

లైసెన్సు లేని హోటలువారు అమ్మకానికి ఫ్రిజ్‌లో నాలుగు సీసాలు దాచినా నేరమే. కిరాణా కొట్టు చాటున నడిచే బెల్టు షాపు సంగతీ అంతే. "అమ్మలేదు, తాగనిచ్చాము" అన్న మాట కూడా అడ్డురాదు. అనుమతి లేకుండా సిట్టింగులు నడిపిన ధాబాల మీద ఎక్సైజ్ వారు, పోలీసులు కేసులు పెడుతూనే ఉన్నారు.

రోడ్డు ప్రమాదాలను చూసి సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం అమ్మరాదని తీర్పు చెప్పింది. 2017 మార్చి 31న, 20,000 లేక అంతకు తక్కువ జనాభా గల ఊళ్లలో ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. బార్లకు కూడా ఈ తీర్పు వర్తిస్తుందని చెప్పింది. అదే ఏడాది పట్టణాలకు సడలింపు ఇచ్చింది.

చట్టం మంచిదే గాని అది మారుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకున్న స్త్రీలు సారా కొట్టును మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుండి సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానాకు రాబడి లేదంటూ దాన్ని సడలించారు. ప్రభుత్వం మూసిన తలుపును ప్రభుత్వమే తెరచింది.

అయితే ఇంటివారు మూసిన తలుపు? యిర్మీయా 35వ అధ్యాయంలో రేకాబీయులను చూడండి. ప్రవక్త వారిని మందిరపు గదిలోకి పిలిచి, ద్రాక్షారసపు పాత్రలు, గిన్నెలు ఎదుట పెట్టాడు. వారికి అడ్డు చెప్పే రాజశాసనమేదీ లేదు. ఆహ్వానించినవాడు దైవజనుడు. అయినా తమ పితరుడైన యోనాదాబు మాటను బట్టి వారు ముట్టలేదు. ఆ కుటుంబాన్ని దేవుడు యూదా అంతటికీ మాదిరిగా చూపించాడు. పొరుగువానికి తాగబోసేవాని గురించి హబక్కూకు రెండవ అధ్యాయంలో ఉన్న హెచ్చరికను కూడా హోటలు నడిపే ప్రతి కుటుంబం చదువుకోవాలి. గ్లాసు అందించిన చేయి కూడా ఆ లెక్కలోనిదే.

కనుక మా సలహా ఇది. "ఇక్కడ మద్యం సేవించరాదు" అని బోర్డు పెట్టండి. అడిగినవారికి నెమ్మదిగా, నవ్వుతూ కాదనండి. తాగేవానిని అసహ్యించుకోవద్దు, అతని ఇంట్లోనూ ఆకలితో ఎదురుచూసే బిడ్డలుంటారు. ఊరిలో బెల్టు షాపు నడుస్తుంటే స్త్రీల సమాజమువారు ఒంటరిగా కాక గుంపుగా వెళ్లి ఎక్సైజ్ స్టేషనులో అర్జీ ఇవ్వండి.

సంఘానికి కూడా ఒక మాట. గ్లాసులివ్వనన్నందుకు ఆ కుటుంబానికి సాయంకాలపు బేరం తగ్గుతుంది. ఆదివారం వారి కొరకు ప్రార్థన చేసి, సోమవారం వేరే హోటలుకు పోతే ఏమి లాభం? క్రిస్మసు విందు, పెండ్లి భోజనము, కూటముల టిఫిను ఆర్డరు వారికే ఇవ్వండి. వారి నష్టంలో మనమూ పాలుపంచుకున్నప్పుడే వారు నిలువగలరు.

ప్రభువు మన ఇండ్లను, మన చేతిపనులను పరిశుద్ధముగా కాపాడును గాక. ఆమెన్.