తెల్లవారుజాము పాలు ముందురోజు లెక్కలో పడితే?
కంప్యూటరు బిల్లులలో వచ్చే తప్పులు – వాటిని పట్టుకొనే వరుస

పాల సంఘం మీద సభ్యునికి నమ్మకం నిలిచేది రెండు చోట్ల: పాలు కొలిచే చోట, డబ్బు లెక్క చెప్పే చోట. ఒకప్పుడు ఈ రెండూ సభ్యుని కళ్ళ ఎదుటే జరిగేవి. లీటరు కొలత, లాక్టోమీటరు, గెర్బర్ గొట్టం, కార్యదర్శి చేతిలో రిజిస్టరు – సందేహం వస్తే అక్కడికక్కడే అడిగి తేల్చుకొనేవారు. నేడు చాలా కేంద్రాలలో తూకం, వెన్న శాతం యంత్రమే చూస్తున్నది. ఆ అంకెలు ఎక్కడో దూరాన ఉన్న సర్వరుకు, అనగా అనేక సంఘాల లెక్కలను ఒకేచోట దాచే పెద్ద కంప్యూటరుకు చేరుతున్నవి. బిల్లు అక్కడి నుండి తయారై వస్తున్నది. పని సులువైన మాట నిజమే. కాని తప్పు జరిగితే అది ఎక్కడ జరిగినదో కంటికి కనబడదు. కనబడని తప్పుకు మనవారు ముందుగా కార్యదర్శినే అనుమానిస్తారు.

పలాస, టెక్కలి వైపు, ఉద్దానం తీర గ్రామాలలో తనిఖీలకు వెళ్ళినపుడు మేము చూచిన కొన్ని తప్పులను, వాటిని పట్టుకొనే పద్ధతిని సభ్యుల తెలివిడి కొరకు ఇక్కడ వివరిస్తున్నాము.

ఒక సంఘంలో జరిగినది

ఉద్దానంలోని ఒక సంఘంలో కొత్త కంప్యూటరు పద్ధతి ఒకటవ తేదీన ప్రారంభించినారు. పదిహేనవ తేదీ సాయంత్రం మొదటి పక్షం బిల్లు వచ్చినది. కొందరు సభ్యులకు ఒక పూట పాలు తక్కువ, మరికొందరికి రెండు పూటలు తక్కువ. మిగిలినవారికి అంతా సరిగానే ఉన్నది. “రోజూ చీకటితోనే వచ్చి పోసినాను బాబూ, ఒక్క పూట కూడా మానలేదు. నా పాలు ఏటయినాయి?” అని ఒక ముసలమ్మ మమ్ము నిలదీసినది. కార్యదర్శి పాలు మాయం చేసినాడని ఊరిలో మాట పుట్టినది. మేము వెళ్ళేసరికి ఆయన రాజీనామా కాగితం రాసి అధ్యక్షుల చేతికి ఇచ్చి ఉన్నారు.

ఆ కేంద్రంలో అదృష్టవశాత్తు చేతివ్రాత రిజిస్టరు మానలేదు. రిజిస్టరును, సభ్యుల వద్ద ఉన్న చీటీలను, బిల్లును పక్కపక్కన పెట్టి చూచినాము. ఒక సంగతి తేలినది. తప్పు పడినవన్నీ ఉదయం పూటవే, సాయంత్రం పూట ఒక్కటీ లేదు. ఉదయంలో కూడా 5 గంటల 30 నిమిషాల లోపు పోసినవే తప్పు. ఆ తరువాత పోసినవి సరిగా ఉన్నవి.

ఈ 5.30 అన్న అంకెలోనే కీలకం ఉన్నది. మన దేశపు గడియారం కాకినాడ సమీపంగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 330 నిమిషాలు, అనగా ఐదున్నర గంటలు, మనము అంతర్జాతీయ కాలం కంటె ముందున్నాము. సర్వర్లను సాధారణంగా అంతర్జాతీయ కాలంలో ఉంచుతారు. ఆ సంఘంలో తేదీని కేంద్రం నుండి కాక సర్వరు గడియారం నుండి తీసుకొనుచున్నారు. మన ఊరిలో ఉదయం 5 గంటలైనపుడు సర్వరులో ముందురోజు రాత్రి 11.30. అందుచేత ఆ పాలు ముందురోజు తేదీన పడినవి. సాయంత్రం 5 గంటలకు అక్కడ అదేరోజు పగలు 11.30 కనుక సాయంత్రపు లెక్క చెడలేదు.

ఒకటవ తేదీ తెల్లవారుజామున పోసిన పాలు గత నెల ఆఖరు తేదీకి పోయి బిల్లు బయట పడినవి. ఇది ఒక పూట నష్టం. ఇక ఆ ముసలమ్మ నాల్గవ తేదీన ఆలస్యంగా 5.40కి వచ్చినది, ఆ పాలు సరిగా నాల్గవ తేదీనే పడినవి. ఐదవ తేదీన 5.15కి వచ్చినది, ఆ పాలు కూడా నాల్గవ తేదీనే పడినవి. ఒక సభ్యునికి ఒక పూటకు ఒకే పద్దు అన్నది ఆ ప్రోగ్రాములోని నియమం. కనుక రెండవ పద్దు మొదటిదానిని చెరిపివేసినది. ఇది రెండవ పూట నష్టం.

ప్రోగ్రాము చేసినవారికి ఈ సంగతి సమయాలతో సహా రాసి పంపినాము. పాలు పోసిన తేదీని కేంద్రంలోని భారత కాలం ప్రకారమే నమోదు చేయునట్లు వారు సరిచేసినారు. పాలకవర్గం తీర్మానం చేసి, రిజిస్టరు ఆధారంగా తేడా సొమ్మును తదుపరి బిల్లులో చెల్లించినది. కార్యదర్శి రాజీనామాను అధ్యక్షులు అందరి ఎదుట చింపివేసినారు.

తెర మీద వచ్చే అంకెల అర్థం

పేజీ తెరుచుకోనపుడు తెర మీద ఒక మూడంకెల సంఖ్య వస్తుంది. దానిని చూచి భయపడనవసరం లేదు, తుడిచివేయనూ రాదు. తప్పు ఎటువైపు ఉన్నదో అదే చెబుతుంది. 4తో మొదలైతే మనము అడిగిన దానిలో ఏదో లోపమున్నదని సాధారణంగా అర్థం. 401 అంటే పేరు, పాస్‌వర్డు కుదరలేదు. 403 అంటే ఆ పేజీ చూచే అధికారం మనకు ఇవ్వలేదు. 404 అంటే ఆ చిరునామాలో పేజీ లేదు.

5తో మొదలైతే లోపం సర్వరు వైపున ఉన్నది. 500 వచ్చినపుడు అక్కడి ప్రోగ్రాము మధ్యలో ఆగినదని తెలియవలెను. డేటాబేసు పాస్‌వర్డు మార్చి, దానిని కాన్ఫిగరేషన్ ఫైలులో మార్చకపోవడం, సర్వరు రాసుకొనే చిట్టా పెరిగి స్థలమంతా నిండిపోవడం వంటివి దీనికి తరచుగా కారణాలు. 502, 503, 504 వస్తే ఆ సర్వరు పనిలో లేదనో, భారం ఎక్కువై సమయానికి జవాబు ఇవ్వలేకున్నదనో తలచవచ్చును. ఇవి కేంద్రంలో బాగుపడేవి కావు. ఫోను చేసి చెప్పవలసినదే.

504 విషయంలో ఒక జాగ్రత్త. జవాబు రాలేదు గాని పద్దు లోపల నమోదై ఉండవచ్చును. మళ్ళీ బొత్తాము నొక్కితే ఒకే పాలకు రెండు పద్దులు పడే ప్రమాదమున్నది. ముందు ఆ పూట జాబితా తెరచి చూచి, పద్దు లేకుంటేనే తిరిగి ఎక్కించవలెను.

కేంద్రంలోనే బాగుచేసుకొనగలవి

ఒకటి: కంప్యూటరు తేదీ. కరెంటు తీసిన ప్రతిసారి తేదీ ఏళ్ళ వెనక్కి పోవుచున్నదంటే లోపలి గుండ్రని చిన్న బ్యాటరీ అయిపోయినదన్న మాట. సాధారణంగా అది సి.ఆర్. 2032 రకం, 3 వోల్టులది. తేదీ తప్పితే సర్వరు చూపే గుర్తింపు పత్రం ఇంకా అమలులోకే రాలేదని మన కంప్యూటరు భావించి, ‘సురక్షితం కాదు’ అని సంబంధం నిరాకరిస్తుంది. ముందు తేదీ సరిచేయండి. ఆ హెచ్చరికను దాటుకొని మాత్రం ముందుకు పోవద్దు.

రెండు: బ్యాంకు ఖాతా అంకెలు. ఖాతాలను ఎక్సెల్ పట్టికలో అంకెలుగా కొడితే మొదటి సున్నాలు పోతాయి. 15 అంకెలు దాటిన ఖాతాలో తరువాతివి సున్నాలుగా మారిపోతాయి. కనుక ఆ గడిని ముందుగా ‘టెక్స్ట్’ అని మార్చుకొని కొట్టవలెను. అలాగే ఐ.ఎఫ్.ఎస్.సి. కోడు 11 అక్షరాలలో ఐదవది సున్నా. దానిని ‘ఓ’ అక్షరంగా కొడితే సొమ్ము తిరిగి వచ్చును.

మూడు: తెలుగు పేర్లు. సభ్యుల పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తే డేటాబేసు తెలుగు అక్షరాలను దాచే అమరికలో లేదన్న మాట. అమరిక మార్చినా పోయిన పేర్లు తిరిగి రావు, మళ్ళీ ఎక్కించవలసి ఉంటుంది. కనుక అందరి పేర్లు ఎక్కించక ముందే రెండు పేర్లతో సరిచూచుకొనవలెను.

ఫిర్యాదు ఎట్లు చేయవలెను?

“పనిచేయుటలేదు” అన్న ఒక్క ముక్క వలన ఎవరికీ ప్రయోజనం లేదు. పశువైద్యునికి గేదె మేత మానినదని మాత్రమే చెప్పి ఊరుకుంటామా? ఎప్పటి నుండి, పాలు ఎంత తగ్గినవి, నెమరు వేయుచున్నదా అన్నీ చెబుతాము. ఇదీ అంతే. ఏ తేదీ, ఏ సమయం, ఏ సభ్యుని నెంబరు, ఏమి కొట్టినారు, తెర మీద ఏమి వచ్చినది – ఇవి రాయండి. తెరను ఫోటో తీయండి. ఒక్కరికే వచ్చినదా, అందరికీనా? ఒక్క కేంద్రంలోనా, పక్క ఊరిలో కూడానా? ఈ ప్రశ్నలకు జవాబుంటే సగం తప్పు దొరికినట్లే. బాగుచేసేటపుడు ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. నాలుగు ఒకేసారి మార్చితే ఏది తప్పో, ఏది మందో తెలియదు. మార్చే ముందు ఉన్న లెక్కకు ఒక నకలు తీసి వేరుగా ఉంచవలెను.

రిజిస్టరు మానవద్దు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినపుడు కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలు కూలి, ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నవి. అట్టి తీరంలో ఉన్న మనకు కంప్యూటరు ఒక్కదాని మీద ఆధారపడుట తగదు. పూట పూటకు సభ్యుని నెంబరు, పాలు, వెన్న శాతం, పోసిన సమయం చేతితో రాయండి. సభ్యులు తమ చీటీలను బిల్లు వచ్చేదాకా దాచుకొని, పూటలు లెక్కపెట్టి చూచుకొనండి. తేడా వస్తే ముందు చీటీ, రిజిస్టరు, బిల్లు పక్కపక్కన పెట్టండి. కార్యదర్శిని ఒక మాట అనుట అంతా చూచిన తరువాత.